మంటకు ఎదురెళ్లిన సీను

ఆ సినిమా బాగోలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలికగా ఉంటుంది. నేను ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతాను. గైడు చూసి బట్టీ పట్టిన జవాబుని రెండో వాక్యం దాటకుండానే పట్టేస్తాను. ఆ సినిమానీ అలాగే పట్టేశాను. ఆకాశం చీల్చుకుని నీలం వెలుగు దిగడం, అమ్మా నాన్నా లేని కుర్రాడికి మెరిసే రాయి దొరకడం, అది ముట్టుకోగానే వాడికి కండలు రావడం, సగం పట్నం కూలిపోతే గానీ వాడి బలం వాడికి తెలియకపోవడం, అన్నీ ఇదివరకు పది సినిమాల్లో ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే వచ్చాయి. మా తొమ్మిదో తరగతి వాళ్లు రాసిన పేపరైతే పాస్ మార్కులు వేసి పక్కన పడేసేదాన్ని, సాయంత్రానికి మర్చిపోయేదాన్ని. దీన్ని మర్చిపోలేకపోతున్నాను. ఎందుకంటే ఆ సినిమా కోసం మూడేళ్లు ఎదురుచూశాను. అందులో మా అక్క ఉండాలి.

అక్క ఇప్పుడు లేదు. ఆ సినిమా షూటింగు జరిగిన ఏడాదే, వానల్లో, మలేరియా మెదడుకెక్కి నాలుగు రోజుల్లో పోయింది. అప్పటికి దాని కూతురికి రెండేళ్లు నిండలేదు. బావ రోడ్డు పనుల మీద ఊళ్లు తిరుగుతాడు. నెలకోసారి వచ్చి, బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి, పిల్లని కాసేపు ఒళ్లో కూచోబెట్టుకుని వెళ్లిపోతాడు. పిల్ల నా దగ్గరే పెరుగుతోంది, నన్ను పిన్నీ అంటుంది. అమ్మ ఎలా ఉండేదని అది అడగడం మొదలుపెట్టిన రోజున ఇల్లంతా వెతికాను. అక్క పెళ్లి ఫోటో చెమ్మకి బూజు పట్టి, పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇద్దరూ తెల్లమచ్చలైపోయారు. నా పాత ఫోనులో బోలెడు ఫోటోలుండేవి, అది గెడ్డ దాటుతుంటే నీళ్లలో పడి మళ్లీ వెలగలేదు. మిగిలింది ఆధార్ కార్డు. అందులో అక్క కళ్లు సగం మూసుకుని, పెదాలు బిగించి, పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉంది. పిల్ల దాన్ని చాలాసేపు చూసింది. తిప్పి వెనకవైపు కూడా చూసి, నాకు తిరిగి ఇచ్చేసింది.

నిజానికి అక్క పెదాలు బిగించుకుని ఉన్న రోజు నేను చూడలేదు. ఒట్టి వాగుడుకాయ. కోపమొస్తే గట్టెక్కి అవతలి కొండకి వినపడేలా తిట్టేది, అరగంట తిరక్కుండా ఆ తిట్టిన ఇంటికే పోయి ఉప్పు అడిగేది. బల్లి అంటే భయం. గవ్వలాటలో తొండి. నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ప్రతి ఆదివారం రెండు కొండలు ఎక్కి దిగి నన్ను చూడటానికి వచ్చేది. ఉడకబెట్టిన కందికాయలు కొంగున మూటకట్టుకుని బయల్దేరేది, దారిలో సగం తనే తినేసేది. మిగిలిన సగం నా చేతిలో పోసి, కోతులు ఎగబడ్డాయని చెప్పేది. నేను నమ్మినట్టే తినేదాన్ని.

ఆ రోజుల్లో హాస్టల్ టీవీలో ఎగిరే హీరోల సినిమాలు వస్తే నోరు తెరుచుకుని చూసేదాన్ని. నాకే ఎగరడం వస్తే సాయంత్రం బెల్లు కొట్టగానే రెండు కొండలూ దాటిపోయి, అక్క పక్కలో పడుకుని, పొద్దున ప్రార్థన వేళకి వచ్చి వరసలో నిలబడొచ్చని తెగ ఆలోచించేదాన్ని. కాబట్టి సూపర్ హీరోలంటే నాకు చులకన లేదు. వాళ్లతో నాకు ఒకప్పుడు అవసరమే పడింది. అలాగని ఇప్పుడు మా అక్కే నా సూపర్ హీరో అని రాస్తానేమోనని భయపడకండి. అలాంటి వాక్యాలు మా పిల్లలు వ్యాసాల్లో రాస్తారు, నేను ఎర్రసిరాతో గీత పెడతాను. అక్క మామూలు మనిషి. ఆ మామూలు మనిషే ఒక్కసారి కదులుతూ కనపడితే చాలని నా కోరిక.

సినిమావాళ్లు మాకు కొత్తేమీ కాదు. అరకు చుట్టుపక్కల ఏ మలుపు తిరిగినా ఎవరో ఒకరు పాటకి గెంతుతూ కనిపిస్తారు. కానీ మా ఊరి పక్కకి రావడం మాత్రం అదే మొదలు. వలిసెలు పండే మెట్ట వేసవికి ఖాళీగా ఉంటే, అక్కడ పది గడ్డిళ్లతో ఒక ఊరు కట్టారు. కూతవేటు దూరంలో అసలు ఊరు పెట్టుకుని మళ్లీ ఊరెందుకు కడుతున్నారని మా పెద్దవాళ్లు అడిగారు. మీ ఊళ్లో రేకులున్నాయి, టీవీ గొడుగులున్నాయి, కొండ ఊరులా లేదన్నారు. ఎన్నో తరాలుగా కొండ మీదే ఉంటున్న మా ఊరు కొండ ఊరులా లేదట.

గుంపులో నిలబడటానికి ఊరి ఆడవాళ్లందర్నీ రమ్మన్నారు. చంటిపిల్లలున్నవాళ్లు వీపుకి కట్టుకునే రావాలన్నారు, అలాగైతే చూడ్డానికి బాగుంటుందట. అక్క పిల్లని వీపుకి కట్టుకుని అందరికంటే ముందుపోయి నిలబడింది. నేను వేసవి సెలవులకి వచ్చి ఉన్నాను. టీచరమ్మని కదా, గుంపులో నిలబడితే పరువు తక్కువని, జనం రాకుండా కట్టిన తాడు ఇవతలే నిలబడి చూశాను. సీను ఏమిటంటే, రాక్షసుడు ఊరికి నిప్పు పెడతాడు, ఆడవాళ్లు ఏడుస్తూ పారిపోతారు, హీరో ఆకాశంలోంచి దిగివచ్చి ఉఫ్ అని ఊదితే మంట ఆరిపోతుంది. పొద్దుట్నించీ మంట లేకుండానే ప్రాక్టీసు చేయించారు. మావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ చక్కగా పారిపోయారు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పోడు కొట్టుకునేవాళ్లకి మంట ఒక పనిముట్టు. కొట్టిన తుప్పలు కాల్చే ముందు చుట్టూ ఆకులు ఊడ్చి గీత తీస్తాం. మంట ఆ గీత లోపలున్నంతసేపు దాని పక్కన కూచుని చుట్ట కాల్చుకోవచ్చు. గీత దాటిందా, చూసినవాళ్లు చూసినచోటే పచ్చికొమ్మ విరుచుకుని పరిగెత్తాలి. అది ఎవరి పొలం చెక్క, వాళ్లతో మనకి మాటలున్నాయా లేవా అన్నది తర్వాత. చేతులు కట్టుకు నిలబడి చూసినవాళ్లు మర్నాడు ఊరందరి ముందు తప్పు కింద ఒక కోడి ఇచ్చుకోవాలి. కోడి పోతే పోయింది, మంట చూస్తూ నిలబడ్డ మనిషన్న పేరు మాత్రం మనవల దాకా ఉంటుంది. ఇప్పుడు పోడు తగ్గి కాఫీ తోటలు పెరిగాయి గానీ, కొమ్మ విరిచే చేతులు అవే.

మధ్యాహ్నం దాటాక అసలు మంట పెట్టారు. హీరోని నడుముకి తీగలు కట్టి క్రేనుకి వేలాడదీశారు. మైకులో కేక వినపడగానే మావాళ్లు అరుస్తూ పరుగందుకున్నారు. పదడుగులు వేశారో లేదో గాలి తిరిగింది. చివరి ఇంటి కప్పు మీది గడ్డి మండుతూ లేచి, మెట్ట దాటి, కాఫీ తోటల వైపు ఎండుగడ్డిలో పడింది. అక్కడ సినిమావాళ్ల మనుషులు ఎవరూ లేరు. వాళ్ల సీను ఏమైనా కానీ, మావాళ్ల లెక్కలో మంట గీత దాటింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది అక్క చేతిలో కొమ్మ. దాని వెనక ముప్ఫైమంది ఆడవాళ్లు, ముప్ఫై కొమ్మలు. మంట నుంచి పారిపోవాల్సినవాళ్లు మంటకి ఎదురెళ్లారు.

కొట్టారు చూడండి. పొగలో ఎవరు ఎవరో తెలియడం లేదు, కొమ్మల చప్పుడు మాత్రం వినపడుతోంది. నా చంకలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తోట వైపు పోయిన మంట ఆర్పి ఊరుకున్నారా అంటే అదీ లేదు. వెనక్కి తిరిగి సెట్టులో మంట కూడా ఆర్పేశారు. పని మొదలెట్టాక మధ్యలో ఆపడం వాళ్లకి చేతకాదు. ఆ ఊపులో రెండిళ్లు పడగొట్టారు కూడా. పైన హీరో చేతులు చాచుకుని, ఊదడానికి మంటలేక, పొగకి దగ్గుతూ, దించమని గోల పెడుతున్నాడు. ఆయన్ని అందరూ మర్చిపోయారు. మా ఊళ్లో ఇప్పటికీ ఆ సినిమా మాటొస్తే ఈ సీనే చెప్పుకుని నవ్వుతారు.

టోపీ పెట్టుకున్న అసిస్టెంటు ఒకాయన పరిగెత్తుకొచ్చి, పారిపొమ్మంటే ఆర్పేశారేమిటని అక్క మీద ఎగిరాడు. అక్క ముంజేత్తో మొహం తుడుచుకుంది, మసి ఇంకాస్త అలుముకుంది.

"మంట దాటితే కొట్టాల కదా బాబూ. పారిపోతే తప్పు కట్టాల" అంది.

మర్నాడు సినిమావాళ్లు మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. మావాళ్లని పిలవలేదు, పట్నం నుంచి రెండు బస్సుల నిండా ఆడవాళ్లని దింపారు. అయినా నాకు ఆశ ఎలా పుట్టిందంటే, మంట ఆర్పుతున్నంతసేపూ ఒక కెమెరా ఆగలేదు. ఆ కెమెరా ఆయన సాయంత్రం టీ తాగుతూ, నేను ఆ కొమ్మ పట్టినామె చెల్లెలినని తెలిసి, పిలిచి చిన్న టీవీలో చూపించాడు. పొగలోంచి అక్క వస్తోంది. కొమ్మ తలపైకి ఎత్తి, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. శబ్దం లేదు. ఇంత సహజంగా ఎవరూ చేయలేరని, ఇది సినిమాలో తప్పకుండా ఉంటుందని ఆయన అన్నాడు. ఆయన మంచివాడేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. మాట ఇచ్చేటప్పుడు అందరూ మంచివాళ్లే.

రెండు నెలలకి అక్క పోయింది. పిల్లకి మాటలొచ్చాక, దాని తల్లి గురించి నా దగ్గరున్న వాటిలో దానికి నచ్చింది ఈ మంట కథే. అన్నం తినకపోతే ఇదే, జ్వరమొచ్చి తడిగుడ్డ వేసినప్పుడు ఇదే. అప్పుడు అమ్మ కొమ్మ విరిచింది అని మొదలుపెట్టేదాన్ని, ఎప్పుడూ అక్కడే మొదలు. దానికి కంఠతా వచ్చేసింది. ముప్ఫైమంది బదులు ఇరవైమంది అన్నానో, దిద్దేసేది. కథ అయిపోయాక నేను ఒక మాట కలిపేదాన్ని, సినిమా వచ్చాక అమ్మని గోడంత పెద్దగా చూద్దామని. ఆ మాట ఇవ్వకుండా ఉండాల్సింది. గ్రాఫిక్సు చేయాలట, అదిగో ఇదిగో అంటూ మూడేళ్లు పట్టింది. అడగడం వచ్చిన దగ్గర్నించీ అది రోజూ అడిగింది.

పిల్ల కోసమని పైకి అంటున్నాను గానీ, ఎదురుచూసింది ఎక్కువగా నేనే. అక్క నడక నాకు గుర్తుంది. కొండ దిగేటప్పుడు మడమలు ఎలా తిప్పి వేసేదో చూపించమంటే ఇప్పుడు చూపిస్తాను. నవ్వితే కనిపించే పన్నుమీద పన్ను గుర్తుంది. గొంతు పోతోంది. ఏ మాట ఎలా అనేదో చెవిలో తెచ్చుకుందామంటే నా గొంతే వినపడుతోంది. అరుస్తున్న ఆ నోరు ఒక్కసారి చూస్తే, శబ్దం లేకపోయినా సరే, గొంతు దానంతటదే తిరిగొస్తుందని నాకో పిచ్చి ఆశ.

సినిమా విడుదలైన రెండో ఆదివారం ఎస్.కోట వెళ్లాం. పొద్దున్నే బస్సెక్కాం. చేతిలో నిమ్మకాయ పెట్టినా అనంతగిరి దాటాక మలుపుల్లో పిల్ల రెండుసార్లు కక్కుకుంది. కొత్త గౌను అంతా పాడైంది. పాత గౌను వేసుకోమని నేను చెబితే వినలేదు, అమ్మ సూత్తాది కదా అంది. మనం అమ్మని చూస్తాం గానీ అమ్మకి మనం కనపడమని అప్పుడే చెప్పాల్సింది. బస్టాండు కుళాయి దగ్గర గౌను కడిగి పిండి, ఆ తడితోనే తీసుకెళ్లి హాల్లో కూచోబెట్టాను. ఏసీకి వణుకుతుంటే నా పైట కప్పాను.

మొదటి సగం గురించి ఎక్కువ చెప్పను. మా కొండలు తెర మీదకి రావడానికి ముప్పావుగంట పట్టింది, అవీ మా కొండలు కావు, కంప్యూటరులో పెంచిన కొండలు. ఊరిపెద్దకి నడుం దాకా తెల్లగడ్డం. ఒకడొస్తాడు, మనల్ని కాపాడతాడు అని అందరికీ జోస్యం చెబుతుంటాడు. ఆడవాళ్ల తలల్లో రంగురంగుల ఈకలు, మెడలో బుట్టెడు గవ్వలు, బుగ్గలకి మూడేసి చారలు. వాళ్లు మాట్లాడేది ఏ భాషో నాకు తెలియలేదు, తెలుగు కాదు, ఒరియా కాదు, మా ఇళ్లలో మాటా కాదు. వాళ్లకి వేరే పని లేదు. పొద్దున లేచింది మొదలు మోకాళ్ల మీద కూచుని ఆ వచ్చేవాడి కోసం చూస్తుంటారు.

చైత్రంలో ఇటుకల పండగకి మా మగవాళ్లు వేటకి పోతారు. ఏమీ కొట్టకుండా ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు దారికాసి పేడనీళ్లు చల్లి వెక్కిరిస్తారు. మా ఊళ్లో ఆ పేడనీళ్లు తగలని మగవాడు లేడు. సిగ్గుపడతారు, కాసేపటికి వాళ్లూ నవ్వుతారు, కడుక్కుని అన్నానికి కూచుంటారు. ఈ హీరో ఒక్కసారి కూడా ఉత్తచేతులతో రాడు. వీడి మీద చెంబెడు పేడనీళ్లు చల్లేవాళ్లు ఒక్కరుంటే సినిమా కాస్త బాగుపడేదని అనిపించింది. పక్క సీటులో పిల్ల మాత్రం, ఏ ఆడమనిషి తెర మీదకి వచ్చినా నా చెయ్యి గోకుతోంది. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అంటున్నాను. ఇంటర్వెల్లో బాత్రూముకి రమ్మంటే రానంది. తను అటుపోతే ఇటు అమ్మ వచ్చేస్తుందని దాని భయం.

ఇంటర్వెల్ తర్వాత పావుగంటకి రాక్షసుడు నిప్పు పెట్టాడు. పిల్ల చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, అది నొప్పి అని విడిపించుకుంది. సీటు మీద లేచి నిలబడింది. ఇళ్లు మండుతున్నాయి. పట్నం ఆడవాళ్లు పారిపోతున్నారు. మంట పెద్దదైంది, పొగ కమ్మింది. ఆ పొగ నేను చూసిందే, చిన్న టీవీలో చూసినట్టే తెర మధ్యలో సుళ్లు తిరుగుతోంది. ఇక ఇప్పుడే అనుకున్నాను. పొగలోంచి హీరో వచ్చాడు. హాలంతా ఈలలు.

ఇంకా ఉంది, తర్వాత వస్తుంది అనుకుంటూ చూశాను. వాడు నడుస్తూనే ఉన్నాడు, మెల్లగా, పాటకి తగ్గట్టు. అక్క ఉండాల్సిన చోటంతా వాడే నడిచాడు. అప్పుడు అర్థమైంది, అక్క రాదు.

"పిన్నీ, అమ్మేది?" అంది పిల్ల.

మళ్లీ అడిగింది, ఈసారి ముందు వరసలోవాళ్లు తిరిగి చూసేలా. తెర మీద ఆకుపచ్చ చీరలో ఒకామె పరిగెడుతోంది. ఎందుకు చేశానంటే ఏం చెప్పను, మూడేళ్లు ఆశపెట్టి ఉత్తచేతులతో నిలబడలేకపోయాను. వేలు పెట్టి చూపించాను.

"అల్లదిగో" అన్నాను.

పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. ఆ నటి అందంగా ఉంది, అందుకని కెమెరా కూడా ఆమెనే పట్టుకుంది. పరిగెత్తింది, కాలు తట్టుకుని పడింది, వెనక్కి తిరిగి మంటని చూసి కెవ్వుమంది. ఆకాశంకేసి రెండు చేతులూ జోడించింది. హీరో ఆమెని ఒక్క చేత్తో లేపి పక్కన నిలబెట్టి, బుగ్గలు పూరించి ఊదాడు. మంట ఆరిపోయింది. ఆడవాళ్లంతా దణ్ణాలు పెట్టారు. పిల్ల మెల్లగా సీటులో కూచుంది. నమ్మేసిందనుకున్నాను. ఇక జీవితాంతం ఆ ఆకుపచ్చ చీర మొహమే దానికి అమ్మ మొహం, ఆ పాపం నాది అనుకున్నాను.

అది నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఆ యమ్మ మాయమ్మ కాదు పిన్నీ. పారిపోతన్నాది. మాయమ్మ పారిపోదు."

అంత సిగ్గు నా బతుకులో ఎప్పుడూ పడలేదు. అంత సంతోషమూ పడలేదు. అవునే, కాదు, మీ అమ్మని తీసేశారు అన్నాను. ఎందుకు తీసేశారని అడిగింది, తెలియదన్నాను. పట్నం కూలడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. కూలితే కూలనీ అని లేచి వచ్చేశాం.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూచున్నాం. అరకు బస్సుకి ఇంకా టైముంది. పొట్లంలో పునుగులు కొనిచ్చాను. అది ఒక్కొక్కటీ ఊదుకుంటూ తింటోంది. ఏడవలేదు, నేనే ఏడ్చాను. అక్క పోయినప్పుడు పదిమందిలో ఏడ్చాను గానీ, ఇలా ఊరుగాని ఊళ్లో, బస్సుల హారన్ల మధ్య, ఎవరు చూస్తున్నారన్న లెక్క లేకుండా ఏడవలేదు. ఎక్కడో ఒక చోట అక్క ఇంకా కదులుతోందని, ఆ సినిమా డబ్బాలో భద్రంగా ఉందని, మూడేళ్లు ఆ ధైర్యంతోనే తిరిగాను. వాళ్లు కోసి పారేసింది నాలుగు క్షణాలే, వాళ్లని అనుకుని ఏం లాభం. నాకు అక్క కావాలి. అంతే.

పిల్ల పునుగులన్నీ తిని చెయ్యి గౌనుకి తుడుచుకుంది.

"నువ్వు సెప్పు" అంది.

ముక్కు చీదుకుని, అప్పుడు అమ్మ కొమ్మ విరిచింది అని మొదలుపెట్టాను. అది చెయ్యి అడ్డం పెట్టింది. అంతకు ముందు తను ఎక్కడుందని అడిగింది. ఇంతవరకు ఎప్పుడూ అడగలేదు. అమ్మ వీపు మీద ఉన్నావని చెప్పాను. పిల్లలు లెక్కలు వదలరు. మరి వీపు మీద తనుంటే మంటకాడికి అమ్మ ఎలాగెల్లిందని నిలదీసింది.

ఆ ముక్క నేను ఎన్నడూ చెప్పలేదు. దాచాలని కాదు, నా దృష్టిలో అది కథలోది కాదు. తాడు ఇవతల నిలబడి చూసిన మనిషి గురించి కథలో ఏముంటుంది? అక్క పరిగెత్తుకుంటూ ముందు వచ్చింది మంట వైపు కాదు, నా వైపు. వస్తూనే ముడి విప్పేసింది. తాడు మీదుగా పిల్లని నా గుండెలకేసి నెట్టింది, ఎంత విసురుగానంటే నేను రెండడుగులు వెనక్కి పడ్డాను. ఆ విసురు ఇప్పుడు గుర్తొచ్చింది. గుడ్డకున్న చెమట వాసన గుర్తొచ్చింది.

"నన్ను నీకిచ్చీసిందా?" అంది పిల్ల.

అవునన్నాను.

"ఇచ్చీసి ఏటంది?"

వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. రోజూ కూచుని తెచ్చుకుందామన్నా రాని గొంతు, ఆ బస్టాండు గోలలో, రొప్పుతూ, చిరాగ్గా, నన్ను కసురుతున్నట్టు వచ్చింది.

"పట్టుకోవే దీన్ని, బేగొచ్చేత్తాను అంది."

పిల్ల నా మొహంలోకి చూసింది.

"వచ్చిందా?"

"ఆ రోజు వచ్చింది" అన్నాను.